అడగండి, చెబుతాం: హైస్కూల్ ఫుట్‌బాల్, ఆ మొరటు రోజులు

అమెరికాలో పిల్లలున్న పాఠకుల నుంచి ఈ మధ్య వచ్చిన ఉత్తరాలు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. 1950లు, 60లు, 70లలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఎలా ఆడామో అక్కడి పెద్దవాళ్లు చెప్పే కబుర్లలో నిజమెంత, కోతలెంత అని. చాలావరకు నిజమే. వాళ్లు చెప్పే కారణమే తరచూ తప్పు. "మేం గట్టి పిండాలం" అంటారు. ఆట అంత మొరటుగా ఉన్నది పిల్లలు గట్టివాళ్లు కావడం వల్ల కాదు. తలకు పెట్టుకున్న హెల్మెట్, అప్పటి నిబంధనలు, వైద్యం తెలియని కోచ్‌లు, ఈ మూడూ కలిసి ఆటను అలా చేశాయి.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో జట్టులో చేరతానంటున్నాడు. మాకు తెలిసిన ఫుట్‌బాల్ వేరు. ముందు ఆట ఏమిటో రెండు ముక్కల్లో చెప్పండి.

ఇది కాలితో తన్నే సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. జట్టుకు పదకొండు మంది. మైదానం 100 గజాలు, రెండు చివర్లా పదేసి గజాల ఎండ్ జోన్, బంతిని అవతలి జట్టు వైపు ఎండ్ జోన్‌కి చేరిస్తే పాయింట్లు. వెడల్పు 160 అడుగులు. బంతి దొరికిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలి జట్టుది. హైస్కూల్లో 12 నిమిషాల క్వార్టర్లు నాలుగు. బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టడం టాకిల్, వాడికి దారి చేయడానికి ఎదుటివాణ్ణి ఒంటితో నెట్టడం బ్లాక్. కింది జవాబులన్నిటికీ ఈ రెండు మాటలు తెలిస్తే చాలు.

ఇంకొక్క సంగతి. చిన్న ఊళ్ల బడుల్లో పిల్లలు తక్కువ. దాడికీ, రక్షణకీ అదే పదకొండు మంది దిగేవారు, చాలాచోట్ల ఇప్పటికీ దిగుతారు. అలా ఆడేవాడికి నాలుగో క్వార్టర్‌కి కాళ్లు బరువెక్కుతాయి, మోకాళ్లు వంచే ఓపిక పోతుంది. వాడు నడుము దగ్గర వంగి తల దించి గుద్దుతాడు. మెడ గాయాల సంగతి వచ్చినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా వియ్యంకుడు గారు అమెరికన్, ఒహాయోలో 1960లలో ఆడారట. "అప్పుడు హెల్మెట్ ఉన్నా లేనట్టే, ముందు పళ్లు రెండూ పెట్టుడువే చెల్లెమ్మా" అంటారు. హెల్మెట్ ఉంటే పళ్లెలా పోతాయి? ఇప్పటి హెల్మెట్‌తో ఆ బాధ లేదు కదా?

పళ్ల సంగతి తేలిగ్గానే చెప్పొచ్చు. తోలు హెల్మెట్లకు ముఖం ముందు ఏమీ ఉండేది కాదు. 1939లో రిడెల్ కంపెనీ గట్టి ప్లాస్టిక్ హెల్మెట్ తెచ్చింది, దానికీ మొదట్లో ముఖానికి అడ్డు లేదు. 1953లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అనే ప్రొఫెషనల్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) ఆటో గ్రాహమ్‌కు ఒక ఆటలో ముఖం చిట్లితే, ప్లాస్టిక్ అడ్డు కట్టి మళ్లీ దింపారు. ఆ జట్టు కోచ్ పాల్ బ్రౌన్. అంతకుముందు 1932 నుంచి 1940 దాకా ఒహాయోలోనే మాసిలన్ హైస్కూల్ కోచ్‌గా పేరు తెచ్చుకున్నవాడు. ఆ తర్వాత ఒంటి కమ్మీ, రెండు కమ్ముల మాస్కులు ప్రొఫెషనల్ జట్ల నుంచి బడుల్లోకి వచ్చాయి. ఒంటి కమ్మీ ముక్కు కింద అడ్డంగా ఉంటుంది. మోచేయి దాని కిందినుంచీ వస్తుంది, పైనుంచీ వస్తుంది. పళ్లలో పెట్టుకునే మౌత్‌గార్డును హైస్కూల్ నిబంధనలు తప్పనిసరి చేసింది 1962లో. కాబట్టి మీ వియ్యంకుడు గారి పళ్లు దానికి ముందే పోయి ఉండొచ్చు, లేదా చాలామందిలా మౌత్‌గార్డు సాక్సులో దోపుకుని ఆడి ఉండొచ్చు.

మీ రెండో మాట మాత్రం సరికాదు. అసలు కథంతా అక్కడే ఉంది.

తోలు హెల్మెట్ పెట్టుకున్నవాడు ఎదుటివాణ్ణి తలతో గుద్దడు, గుద్దితే ముందు నొప్పి తనకే. భుజం పెట్టి, చేతులతో చుట్టి లాగి పడేస్తాడు. గట్టి డొప్ప, లోపల తల డొప్పకు తగలకుండా నాడాల అల్లిక, ముందు ఇనుప కమ్ములు వచ్చేసరికి ముఖానికి, పుర్రెకు నొప్పి తగ్గింది. నొప్పి తగ్గితే భయం తగ్గుతుంది. 1960లు వచ్చేసరికి కోచ్‌లు నేర్పే పద్ధతే మారిపోయింది. "నీ ముఖం వాడి ఛాతీ మీది అంకెల్లో పెట్టు" అని నేర్పారు. రక్షణ కోసం తయారైన వస్తువు ఆయుధమైంది.

ఇందులో పోయేది పుర్రె కన్నా ముందు మెడ. మామూలుగా మెడ ఎముకల వరుస కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపు దెబ్బను పంచుకుంటుంది. తలను 30 డిగ్రీల దాకా ముందుకు దించితే ఆ వంపు పోయి ఎముకలు నిటారు స్తంభంలా నిలుస్తాయి. అప్పుడు నడినెత్తికి దెబ్బ తగిలితే తల ఆగిపోతుంది, వెనకనుంచి మొండెం వచ్చి నెడుతుంది, మధ్యలో మెడ నలుగుతుంది. ఎముక విరిగితే వెన్నుపాము దెబ్బతిని మెడ కింద కాళ్లూ చేతులూ చచ్చుబడతాయి. దీన్ని కొలిచి చూపించినవాడు ఫిలడెల్ఫియా వైద్యుడు జోసెఫ్ టోర్గ్. అంతవరకు "తల వెనక్కి విరిగినప్పుడు హెల్మెట్ వెనక అంచు మెడను నరుకుతుంది" అని నమ్మేవారు. ఆయన తప్పు హెల్మెట్ అంచుది కాదని, నడినెత్తితో గుద్దడానిదని తేల్చాడు.

1968లో ఆటలో తగిలిన దెబ్బలకే నేరుగా చనిపోయినవారు అన్ని స్థాయిల్లో కలిపి 36 మంది. అంత ఘోరమైన ఏడు మళ్లీ లేదు. మరుసటి ఏడే హెల్మెట్ల ప్రమాణాల కోసం నాక్సీ (NOCSAE) అనే సంస్థ పుట్టింది. 1973లో మొదటి ప్రమాణం రాసింది, 1980 నుంచి హైస్కూళ్లలో ఆ ముద్ర ఉన్న హెల్మెట్ తప్పనిసరి అయింది. అంతకన్నా పెద్ద మార్పు 1976లో వచ్చింది. తలను ముందు పెట్టి టాకిల్ చేయడం, బ్లాక్ చేయడం హైస్కూల్, కాలేజీ నిబంధనలు రెండూ నిషేధించాయి. కాళ్లూ చేతులూ చచ్చుబడిన కేసులు 1976 సీజన్‌లో 34 ఉంటే, 1977లో 18కి, 1984 నాటికి 5కి దిగాయి. 1990లో నేరుగా దెబ్బలకు చనిపోయినవారు ఒక్కరూ లేరు. హెల్మెట్ బాగుపడటం కొంత, నిబంధన చాలా.

ఇప్పుడు ఆడే పిల్లలకు నేర్పాల్సింది ఇదే: తల ఎత్తి, ఎదుటివాణ్ణి చూస్తూ, భుజంతో తాకాలి. చూపు నేల మీదికి పోయిందంటే మెడ నిటారుగా అయినట్టే.

ప్రశ్న: ప్రాక్టీసులో నీళ్లు ఇచ్చేవారు కాదట, ఉప్పు బిళ్లలు మింగించేవారట. నమ్మశక్యంగా లేదు.

నమ్మండి. నీళ్లు తాగితే కడుపులో బరువు, పైగా మనిషి మెత్తబడతాడు అనే నమ్మకం 1970ల దాకా బలంగా ఉంది. ప్రాక్టీసు ఆగస్టు ఎండలో మొదలవుతుంది, రోజుకు రెండు పూటలు, మొదటి రోజు నుంచే పూర్తి సరంజామాతో. తడి తువ్వాలు నోట్లో పెట్టుకుని చప్పరించడం, ఐసు ముక్క దొంగతనంగా బుగ్గన పెట్టుకోవడం, ఇవన్నీ నిజంగా జరిగినవే.

ఉప్పు బిళ్ల వెనక ఉన్న లెక్క ఇది: చెమటలో ఉప్పు పోతుంది కాబట్టి ఉప్పు ఇవ్వాలి. సగం నిజం, సగం ప్రమాదం. చెమటలో ఉప్పు సాంద్రత రక్తంలో కన్నా తక్కువ, అంటే పోయేది ఉప్పు కన్నా నీళ్లే ఎక్కువ. నీళ్లివ్వకుండా ఉప్పు మాత్రమే వేస్తే రక్తం ఇంకా చిక్కబడుతుంది, కడుపులోకి నీటిని లాగుతుంది, వాంతి అవుతుంది. ఆ వాంతితో మిగిలిన నీళ్లూ పోతాయి. 1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కేడ్ బృందం గేటరేడ్ తయారుచేసింది సరిగ్గా ఈ సమస్యకే. నీళ్లు, ఉప్పు, చక్కెర కలిపి ఇచ్చారు.

మీ పిల్లలు జట్టులో ఉంటే ఇప్పటి పద్ధతి ఏమిటో కోచ్‌ను అడగండి. అథ్లెటిక్ ట్రెయినర్ల సంఘం 2009లో హైస్కూళ్లకు ఇచ్చిన సూచన 14 రోజుల అలవాటు. మొదటి రెండు రోజులు హెల్మెట్ ఒక్కటే, మూడు నుంచి ఐదో రోజు దాకా హెల్మెట్, భుజాల ప్యాడ్లు, ఆరో రోజు నుంచే పూర్తి సరంజామా. మొదటి ఐదు రోజులు రోజుకు ఒక్క ప్రాక్టీసే, మూడు గంటలు దాటకూడదు. ఆ తర్వాత కూడా రెండు పూటలు ఆడిన మరునాడు ఒక్క పూటే.

మైదానం పక్కన ఐసు నీళ్ల తొట్టి ఉందా లేదా చూడండి. మాట తడబడి, తూలుతూ, తిక్కగా ప్రవర్తించే పిల్లాడి ఒంటి లోపలి వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందంటే అది వడదెబ్బ. వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేసి, అది వచ్చేలోపే సరంజామా తీసి మెడదాకా చల్లనీళ్లలో ముంచి, తొట్టిలో నీళ్లు కదుపుతూ ఉండాలి. వేడి 102కు దిగాకే ఆసుపత్రికి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. ఆటగాళ్లకు చెమట పడుతూనే వడదెబ్బ తగులుతుంది.

ప్రశ్న: "ఎద్దు వలయం", "ఓక్లహోమా" అని ఏవో ప్రాక్టీసు ఆటలు చెబుతుంటారు. అవేమిటి?

ఓక్లహోమా పేరు ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయ కోచ్ బడ్ విల్కిన్‌సన్ వల్ల వచ్చింది. నేల మీద రెండు దిండ్లు పెట్టి వాటి మధ్య సన్నని సందు వదులుతారు. ఒక బ్లాకర్, వాడికి ఎదురుగా ఒక రక్షకుడు, బ్లాకర్ వెనక బంతి పట్టుకున్నవాడు. ఈల పడగానే ఇద్దరూ ఢీకొంటారు, బంతివాడు ఆ సందులోంచే పోవాలి. పక్కకు తప్పుకునే దారి లేదు. దూరం తక్కువగా, సమాన బరువువాళ్లను ఎదురు పెడితే ఇందులో నేర్చుకునేది ఉంది: ఎవరు కిందుగా వస్తే వాడిదే పైచేయి. ఐదారు గజాలు పరుగెత్తనిచ్చి, బక్కవాడి మీదికి బరువైనవాణ్ణి వదిలితే అది నేర్పడం కాదు, తమాషా చూడటం.

ఎద్దు వలయంలో ఆ పాటి ప్రయోజనం కూడా లేదు. జట్టంతా వలయంగా నిలబడతారు, ఒకడు మధ్యలో. కోచ్ అంకె పిలిస్తే ఆ అంకెవాడు మధ్యలోవాడి మీదికి దూకుతాడు. వాడు తేరుకోకముందే ఇంకో అంకె, అదీ వీపు వెనక నుంచి. దెబ్బ వస్తోందని తెలిస్తే మెడ కండరాలు బిగుస్తాయి, తల ఊగదు. తెలియని దెబ్బకు తల కొరడాలా ఊగుతుంది. మెదడు అదరడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు కావాలని చేసినా కుదరదు. ప్రొఫెషనల్ లీగ్ ఈ రెంటినీ 2019లో నిషేధించింది. కాలిఫోర్నియా 2014లోనే చట్టం చేసి, హైస్కూళ్లలో పూర్తిగా ఢీకొనే ప్రాక్టీసులను సీజన్‌లో వారానికి రెండుకు, ఒక్కోటి 90 నిమిషాలకు పరిమితం చేసింది.

ప్రశ్న: రెఫరీ కళ్లు కప్పి చేసే పనుల గురించీ మా ఆఫీసులో పెద్దాయన చెబుతుంటాడు. మోచేతులకు టేపు చుట్టుకునేవారట, ఎందుకు?

అప్పటి నిబంధన ప్రకారం బ్లాకర్ చేతులు చాచకూడదు. పిడికిళ్లు ఛాతీకి ఆనించి, మోచేతులు బయటికి పెట్టి నెట్టాలి. చేయి చాచే దారి మూసేస్తే మోచేయే ఆయుధమవుతుంది. ముంజేతిని కిందినుంచి పైకి విసిరి ఎదుటివాడి గడ్డం కింద కొట్టడం లైన్‌మన్లకు (ముందు వరుసలో ఎదురెదురుగా తలపడేవాళ్లకు) కోచ్‌లే నేర్పేవారు. దానికోసమే ముంజేతికి ప్యాడు, దాని మీద పొరలు పొరలుగా టేపు. గీసుకుపోకుండా అనేది సాకు, గట్టిపడాలన్నది ఉద్దేశం. తర్వాత అరచేతులు తెరిచి చాచి నెట్టడానికి ఒప్పుకోవడంతో మోచేతి దెబ్బలు వాటంతటవే తగ్గాయి. గట్టి కట్టు ఏదైనా ఉంటే దాని మీద కనీసం అర అంగుళం మెత్తని ఫోమ్ ఉండాలన్న నిబంధనా వచ్చింది.

మిగతావి త్వరగా చెబుతాం. వెనకనుంచి నడుము కింద కొట్టడం క్లిప్పింగ్, 15 గజాల జరిమానా, అంటే తప్పు చేసిన జట్టుకు అన్ని గజాల నష్టం. ఒకడు పైన పట్టుకుంటే ఇంకొకడు కాళ్ల మీద పడటం చాప్ బ్లాక్. మాస్కు పట్టి మెలితిప్పడం మెడకు అన్నిటికన్నా చేటు, అదీ 15 గజాలే. కాలర్ వెనక పట్టి లాగడం హైస్కూళ్లలో 2009 దాకా తప్పే కాదు.

ఆయన్ను సున్నం సంగతి అడిగి చూడండి. మైదానం గీతలు ఆర్పిన సున్నప్పొడితో గీసేవారు. చెమట ఒంటితో గీత మీద జారితే చర్మం కాలేది, కంట్లో పడితే ఇంకా ఘోరం. ఇప్పుడు సుద్దపొడి లేదా రంగు వాడతారు.

ప్రశ్న: ఆ తరం ఆటగాళ్లలో మోకాళ్లు బాగున్నవాళ్లు కనబడరు. ఎందుకలా?

బూట్ల వల్ల కొంత, ఆపరేషన్ల వల్ల కొంత. అప్పటి బూటుకు ఏడు మేకులు, ఒక్కోటి ముప్పావు అంగుళం, అందులో రెండు మడమ కింద. అవి గడ్డిలో దిగబడితే పాదం తిరగదు. అదే క్షణంలో పక్కనుంచి ఒకడు మోకాలికి తగిలితే పైకాలు తిరుగుతుంది, పాదం తిరగదు, మధ్యలో లిగమెంట్లు తెగుతాయి. ఫిలడెల్ఫియా హైస్కూళ్లలో 1970 ప్రాంతంలో టోర్గ్ బృందమే ఆటగాళ్లకు సాకర్ తరహా బూట్లు వేయించింది. మేకులు పద్నాలుగు, పొడవు అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. మోకాలి గాయాలు, వాటి తీవ్రత రెండూ స్పష్టంగా తగ్గాయి.

ఇక వైద్యం. చిరిగిన మెనిస్కస్‌ను, అంటే మోకాలిలో దిండులా ఉండే మృదులాస్థిని, ఆ రోజుల్లో మొత్తంగా తీసేసేవారు. ఆ పూటకు మోకాలు తేలికపడేది. ముప్పై నలభై ఏళ్లకు ఎముక ఎముకను రాచి అరిగిపోయేది. ఆ తరంవాళ్ల మోకాలి పక్కన పొడవాటి పాత కుట్టు కనబడితే సాధారణంగా ఇదే కథ. కొత్త వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పాత ఆపరేషన్ ఏ ఏట, ఏ వైపు జరిగిందో తప్పక చెప్పించండి.

ప్రశ్న: మా మావగారు 1950ల చివర్లో ఆడారు. ఇప్పుడు మతిమరుపు మొదలైంది. ఆటవల్లేనా?

వెంటనే ఆట మీదికి తోసేయకండి. తలకు దెబ్బ తగిలితే అమ్మోనియా వాసన చూపించి, "ఎన్ని వేళ్లు?" అని అడిగి మళ్లీ దింపిన కాలం అది. అనుమానం రావడం సహజమే. కానీ సరిగ్గా ఆ తరాన్ని చూసిన అధ్యయనాలు ఉన్నాయి. మిన్నెసోటాలోని రోచెస్టర్‌లో 1956 నుంచి 1970 దాకా హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడినవారిని, ఈత, కుస్తీ, బాస్కెట్‌బాల్ ఆడినవారితో మేయో క్లినిక్ పోల్చింది. మతిమరుపు, పార్కిన్సన్ వంటి జబ్బుల్లో ఎక్కువతక్కువలు కనబడలేదు. 1957లో విస్కాన్సిన్ హైస్కూళ్లలో చదువు ముగించినవారిని 65 ఏళ్ల వయసులో చూసిన అధ్యయనంలోనూ ఆలోచనాశక్తిలో తేడా తేలలేదు. ఇవి హైస్కూల్‌తో ఆపేసినవారి గురించే ఎక్కువ. కాలేజీ, ప్రొఫెషనల్ స్థాయిలో ఏళ్ల తరబడి ఆడినవారికి ఇదే మాట చెప్పలేం.

కాబట్టి న్యూరాలజిస్టుకు చూపించి, థైరాయిడ్, బి12, నిద్ర, మందులు, వినికిడి ముందు పరీక్ష చేయించండి. వీటిలో సరిదిద్దగలిగేవి ఉంటాయి. ఆడిన ఏళ్లు, స్పృహ తప్పిన సందర్భాలు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. తలకు పదేపదే తగిలిన దెబ్బలతో మెదడు క్షీణించే సీటీఈ అనే జబ్బును బతికుండగా ఖాయంగా నిర్ధారించే పరీక్ష లేదు. ఉందని అమ్మేవాళ్లకు డబ్బు కట్టకండి.

ప్రశ్న: అటక మీద ఒక పాత జట్టు ఫోటో, ఒక హెల్మెట్ దొరికాయి. ఏ కాలానివో ఎలా తెలుస్తుంది? మా మనవడు హెల్మెట్ పెట్టుకు తిరుగుతున్నాడు.

మనవడి తలమీదినుంచి ముందు తీసేయండి. పాత ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, పడితే ముక్కలవుతుంది. ఇప్పటి హెల్మెట్లనే పదేళ్లు దాటితే బాగుచేసే కంపెనీలు తిరిగి ఇవ్వవు.

ఫోటోలో తోలు హెల్మెట్లు, ముఖానికి అడ్డు లేదంటే చాలావరకు 1950ల మధ్యకు ముందుది. ఒకటి రెండు కమ్ములుంటే ఆ తర్వాతి పది పదిహేనేళ్లు. పంజరంలా ఉన్న మాస్కులు లైన్‌మన్లందరికీ ఉంటే ఇంకా ఇటు. నల్లని ఎత్తు బూట్లు పాతవి. 1960ల చివర నుంచి పొట్టి బూట్లు, తెల్లవి కనబడతాయి. అయితే పేద బడులు కాలేజీలు వదిలేసిన సామాన్లతో ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చేవి. అందుకని సరంజామా చూసి "దీనికి ముందుది కాదు" అనగలం గానీ "దీని తర్వాతది కాదు" అనలేం. గోల్ స్తంభాలు చూసి మోసపోకండి. ఒంటి కాలి మీద నిలిచే స్తంభం ప్రొఫెషనల్ లీగ్‌లోకి 1967లో వచ్చినా, రెండు కాళ్లవి హైస్కూల్ మైదానాల్లో ఇప్పటికీ ఉన్నాయి.

హెల్మెట్‌ను పిండిన తడి గుడ్డతో, అవసరమైతే చుక్క సబ్బుతో తుడవండి. థిన్నర్, పెట్రోలు తగిలితే పాత ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది. లోపలి తోలుకు నూనె పట్టించకండి, మెత్తబడి కుట్లు వదిలేస్తాయి. మీద ఉన్న గీతలు, రంగు మరకలు తుడిచేయొద్దు, సేకరించేవాళ్లు వాటిని చూసే కాలం పోలుస్తారు. కాగితాలు కుక్కి ఆకారం నిలబెట్టి, ఎండ తగలని చోట పెట్టండి. అటక మీద మాత్రం మళ్లీ పెట్టకండి, అక్కడి వేడికి డొప్ప వంకర తిరుగుతుంది.